ఎత్తకూడని ఫోను

ఆత్మకూరు,
16-8-1999

అన్నకు రూబీ వందనాలు.

మేమంతా బాగున్నాం, నా గొంతు ఒక్కటే అలాగే ఉంది. నెల్లూరు డాక్టరు మళ్లీ చూసి, "బడిలో అన్నేళ్లు అరిచినావు గదమ్మా, ఇంక ఈ గొంతుతో పాఠం చెప్పేది మర్చిపో" అన్నాడు. మర్చిపోయాను. వదిన పంపిన ఉసిరికాయ పచ్చడి అందింది. మీ బావ సగం సీసా నాకు కనపడకుండా సంగం ఊరికి తీసుకుపోయి, బడిలో తోటి టీచర్లతో కలిసి ఖాళీ చేశాడు.

నేను కంప్యూటర్ కొనడం నీకు ఇష్టం లేదని తెలుసు. కుట్టుమిషను కొనుక్కోరాదా అన్నావు. నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదని నీకు తెలియంది కాదు. ఇప్పుడు ఆ కంప్యూటర్ గురించే నీ సాయం కావాలి కాబట్టి కోపం కాసేపు పక్కన పెట్టు.

మద్రాసులో పదో తరగతి గైడ్లు అచ్చువేసే ప్రెస్ వాళ్లు నాకు టైపు పని ఇచ్చారు. వాళ్లు చేతిరాత కాగితాలు కొరియర్‌లో పంపుతారు. నేను పగలంతా టైపు కొట్టి, రాత్రి ఇంటర్నెట్‌లో పంపాలి. ఏడున్నర దాటాక గానీ వాళ్ల కంప్యూటర్ ఫైలు తీసుకోదు, అచ్చు మిషను రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి తొమ్మిది లోపల చేరి తీరాలి. దసరా లోపల నా పని చూసి ఏదో ఒకటి తేలుస్తారట. సరిగ్గా పంపితే పని నాదే, లేదంటే మద్రాసులోనే ఇంకెవరికైనా ఇచ్చేస్తారు. ఇది పోతే నాకు ఇంకొకటి లేదన్నా. గొంతు అక్కర్లేని ఉద్యోగం ఆత్మకూరులో ఎక్కడ దొరుకుతుంది?

చిక్కంతా ఆ ఇంటర్నెట్‌తోనే. మా ఇంట్లో గోడకు ఒకటే సాకెట్. చీకటి పడగానే ఫోను తీగ పీకేసి, మోడెమ్ అనే చిన్న పెట్టె తీగ గుచ్చుతాను. అది తనంతట తనే నెల్లూరుకు ఫోను కలిపి, పిల్లులు పోట్లాడుకున్నట్టు అరిచి, ఆ తర్వాత కలుస్తుంది. హమ్మయ్య అనుకొని ఫైలు పంపడం మొదలుపెడతాను. సగంలో టక్కున తెగిపోతుంది. మళ్లీ కలుపుతాను, మళ్లీ తెగుతుంది. పొద్దునపూట ఊరికే కలిపి చూస్తే ఎంతసేపైనా కదలకుండా ఉంటుంది. "దీనికి మా పిల్లోళ్ల బుద్ధి ఉండాది, సాయంత్రమైతే బడిలో నిలవదు" అంటాడు మీ బావ.

ఉదయగిరి మొత్తానికీ నువ్వే రేడియో డాక్టరువి. దీనికి ఏం మందు వెయ్యాలో రాయి. ఫోనులో చెప్పించుకుందామంటే నాకు గొంతు లేదు, నీకేమో మీటరు తిరుగుతుంటే మాట తడబడుతుంది. ఉత్తరమే సుఖం.

నీ చెల్లెలు,
రూబీ

*

ఉదయగిరి,
20-8-1999

చెల్లెలు రూబీకి అన్న దయాసాగర్ దీవించి రాసేది.

ప్రభువు దయవల్ల ఇక్కడ అంతా క్షేమం, నా దగ్గు తప్ప. మీ వదిన మస్తానమ్మ అయితే, "అది దగ్గు గాదు, బస్టాండు పకోడీల నూనె" అంటుంది.

నీ ఉత్తరం షాపులో నలుగురికీ చదివి వినిపించాను. ఇంటర్నెట్ అనేది నేను కంటితో చూడలేదు. అయినా తీగలో పోయేది ఏదైనా ఒకటే జాతి. ముప్పై ఏళ్లుగా రేడియోలు విప్పుతున్నాను, ఒక్కటైనా నన్ను మోసం చేసింది లేదు. పొద్దున బాగుండి సాయంత్రానికి చెడిందంటే రోగం ఎర్త్‌లో ఉందన్నమాట. పగటి ఎండకు నేల ఆరిపోతుంది, కరెంటు పోవలసిన దారిన పోదు, తిరిగొచ్చి మీ మోడెమ్‌ను పీడిస్తుంది. ఇంత చిన్న సంగతి అమ్మినవాడికి తెలియకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

పెరట్లో ఎర్త్ కడ్డీ చుట్టూ మోకాలి లోతు తవ్వించు. రాళ్ల ఉప్పు ఒక పొర, కట్టెబొగ్గులు ఒక పొర, అలా నింపి పూడ్పించు. రోజూ సాయంత్రం దాని మీద బిందెడు నీళ్లు పొయ్యి. మోడెమ్ తీగను మాత్రం చేత్తో కదపొద్దు. మన ఉదయగిరి చెక్క గరిటె ఒకటి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, దాంతో కదుపు. షాకు కొట్టదు, పని అయ్యాక పప్పులోకి కూడా పనికొస్తుంది.

ఇంకొక్క మాట. పని చేసుకోవడం మంచిదే. కానీ కొత్త పనిలో పడి పాత పద్ధతులు మరిచిపోయేవాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఇది నీ గురించి కాదు, ఊరికే రాశాను.

బావను అడిగానని చెప్పు. పచ్చడి ఇంకో సీసా పంపమంటే సిగ్గుపడకుండా అడగమను.

అన్న,
దయాసాగర్

*

ఆత్మకూరు,
26-8-1999

అన్నకు,

గరిటె చేరింది. ఎర్త్ గుంత కూడా అయింది. చెంచయ్యను పిలిపించి తవ్విస్తే, ఉప్పు, బొగ్గులు చూసి పార దించేసి, "ఏందమ్మా ఇది, నేలకు పండ్లు తోముతుండారా?" అని అడిగాడు. మా అన్న చెప్పాడయ్యా అంటే, "ఆయన బాగానే ఉండాడు గదా?" అన్నాడు. నీ మీద గౌరవంతో మళ్లీ పార ఎత్తాడు.

రోజూ బిందెడు నీళ్లు పోస్తున్నాను. ఆ నీళ్లకు పక్కనే ఉన్న గోంగూర పిచ్చిగా పెరిగింది. ఇంటర్నెట్ మాత్రం తెగుతూనే ఉంది. ఇదివరకు ఒకటి రెండుసార్లు తెగి ఊరుకునేది, ఇప్పుడు కలిపినప్పుడల్లా తెగుతోంది. చెక్క గరిటెతో తీగను కదుపుతూ కూర్చుంటే మీ బావ తలుపు దగ్గర నిలబడి, "ఉప్పు సరిపోయిందా?" అంటాడు. ఆయనతో నాకు ఇంకో బాధ.

ఇది నీ గురించి కాదు అని నువ్వు రాస్తే అది నా గురించేనని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ మధ్య ఒక ఆదివారం నేను చర్చికి పోలేదని నీకు ఎవరో మోసి ఉంటారు. ఆ రోజు నాకు జ్వరం. నమ్మితే నమ్ము.

పాత పద్ధతులు మరిచిందెవరో నేనూ చెప్పగలను. మన రెండిళ్లలో ఫోన్లు పడ్డాక నాయన పెట్టిన అలవాటు ఏమిటి? రాత్రి ఎనిమిదికి ప్రార్థనకు కూర్చునే ముందు అక్కడి నుంచి ఒక్క రింగ్. అది విని ఇక్కడ మేమూ మోకరించేవాళ్లం. అయిపోయాక ఇక్కడి నుంచి నేను ఒక్క రింగ్ ఇచ్చేదాన్ని, అదే మా ఆమెన్. ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే రింగ్ ఇచ్చినవాళ్లకు బిల్లు. ఆదివారం ఎలాగూ అందరం చర్చిలో ఉంటాం కాబట్టి ఆ రోజు తప్ప, నాయన పోయాక కూడా ఒక్కరోజు తప్పలేదు. గొంతు పోయిన దగ్గర్నుంచి నేను పైకి చెప్పగలిగిన ఆమెన్ అదొక్కటేనన్నా. కంప్యూటర్ ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి అది ఆగిపోయింది. ఎవరు ఆపారో వాళ్ల మనసుకే తెలియాలి. నేను ఇంక ఆ సంగతి ఎత్తను.

ఎత్తనన్నాను కాబట్టి నువ్వు కూడా జవాబు రాయనక్కర్లేదు. మోడెమ్ గురించి మాత్రం రాయి.

రూబీ

*

ఉదయగిరి,
31-8-1999

రూబీకి,

ఎవరు ఆపారో వాళ్ల మనసుకే తెలియాలి అని రాశావు. ఆ మాట రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చిందో! మీ వదిన చదివి కళ్లు తుడుచుకుంది. సరే, ఎత్తనన్నావు, నేనూ ఎత్తను. నీ మాటే నా మాట కూడా. ఆపినవాళ్ల మనసుకే తెలియాలి, పైన దేవుడు చూస్తూనే ఉన్నాడు.

ఇంక మోడెమ్ సంగతి. ఎర్త్ వల్ల కాలేదంటే రోగం బయటి నుంచి వస్తోంది. రెండు రోజులు ఆలోచించాను, నిన్న పట్టేశాను. మీ వీధి మూల మీద జనార్దనయ్య పిండిమర ఉంది కదా. సాయంత్రం ఆడవాళ్లు దోసెల పిండికి, జంతికల పిండికి వస్తారు, మర తిరుగుతుంది. ఆ మోటారు గరగర గాలిలో ఎక్కి నీ తీగలోకి దిగుతోంది. ఇక్కడ మా షాపు పక్కన వెల్డింగు పెట్టినప్పుడల్లా రేడియోలో వార్తలు చదివే ఆమెకు నత్తి వస్తుంది. అలాంటిదే ఇదీ.

నువ్వు పోయి జనార్దనయ్యతో మర్యాదగా మాట్లాడి, ప్రార్థన వేళకు, అంటే నీ లెక్కలో ఫైలు వేళకు, ఒక గంట మర ఆపమను. ఆయన మంచివాడే, మన నాయనంటే గౌరవం ఉన్నవాడు. తప్పకుండా వింటాడు. ఈసారి నా మాట తప్పితే నేను స్క్రూడ్రైవర్ పట్టుకోను.

అన్న

*

ఆత్మకూరు,
8-9-1999

అన్నకు,

స్క్రూడ్రైవర్ కింద పెట్టెయ్యి.

జనార్దనయ్య దగ్గరికి పోయాను. నా గొంతులో పది మాటలు అంటే రెండే పైకి వస్తాయి కదా. ఆయనకు "మర", "ఆపండి" అన్న రెండే వినపడ్డాయి. నాకు జబ్బు ముదిరింది, మర చప్పుడు ఓర్చుకోలేకపోతున్నాను అనుకొని, పాపం, సాయంత్రమంతా మర ఆపేశాడు. పిండి గిన్నెలు పట్టుకొని నిలబడిన ఆడవాళ్లు నన్ను చూసిన చూపు నీకు రాయలేను. "ఏందిమే, నీ ఫైలు కోసరం మా ఇంట్లో దోసెలు ఆపినావంటనే?" అని ఒకామె బజార్లో నిలదీసింది. ఇంత చేసినా, మర ఆగిపోయి వీధంతా నిశ్శబ్దంగా ఉన్న ఆ సాయంత్రం కూడా, ఎనిమిది కాగానే టక్కున తెగింది.

మొన్న పగలు ప్రెస్ నుంచి ఫోను చేశారు. "అమ్మా, మీ చరిత్ర సగమే వచ్చింది. పానిపట్టులో సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి గానీ ఎవరు గెలిచారో రాలేదు. మేము ఏమని అచ్చువెయ్యాలి?" అన్నారు. మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత ఆయన చెప్పింది విని నవ్వు పోయింది. ఈ నెల పద్దెనిమిదో తేదీ, శనివారం రాత్రి, సాంఘికశాస్త్రం గైడు మొత్తం ఒకేసారి చేరాలట. చేరకపోతే మిగిలిన కాగితాలు వెనక్కి పంపెయ్యమన్నారు. ఫ్లాపీల్లో ఎక్కించి బస్సులో పంపుతానంటే, రోజూ అలా కుదరదు, అలాగైతే ఇక్కడే మనిషిని పెట్టుకుంటాం అన్నారు. తప్పు వాళ్లది కాదు.

ఇంక నీ వైద్యం చాలన్నా. ఉప్పు, బొగ్గులు, గరిటె, పిండిమర అన్నీ అయ్యాయి. నాకు భయంగా ఉంది. రోజంతా టైపు కొడుతూ ఉంటే నేను మళ్లీ ఎందుకో ఒకందుకు పనికొస్తున్నాను అనిపిస్తోంది. అది పోతుందని భయం. ఈ వేళలో అక్కడి నుంచి ఒక్క రింగ్ వచ్చి ఉంటే ఎంతో ధైర్యంగా ఉండేది. ఎత్తనన్నాను, మళ్లీ ఎత్తాను. వదిలెయ్యి.

రూబీ

*

ఉదయగిరి,
15-9-1999

రూబమ్మకు,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఊళ్లో లేను. సీతారామపురంలో చర్చి వాళ్ల ఉజ్జీవ సభలకు మైకు సెట్టు పెట్టమంటే శుక్రవారం పోయి, నిన్న మంగళవారం రాత్రి చివరి బస్సుకు వచ్చాను. సభలు బాగా జరిగాయి. మునెయ్య అని అక్కడి పెద్ద ఒకాయన మైకు ముందు నిలబడితే దిగడు, పాట ఎత్తుకుంటే ఆపడు. చివరికి వైరు కాలు తగిలి ఊడినట్టు నేనే పీకాల్సి వచ్చింది. ప్రభువు క్షమించుగాక.

రింగ్ వచ్చి ఉంటే అని రాశావు. నాకు అర్థం కాలేదమ్మా, రాసినా పొడుగు అవుతుంది. అక్కడ సభల చోట ఫోను లేదు. ఆ రాత్రులు ప్రార్థన వేళకు నా చెయ్యి ఊరికే పడి ఉంటే ఏదో వెలితిగా అనిపించింది. ఇంట్లో ఉంటే ఆ వేళకు నేను చేసే పని ఒకటుంది. మొదట ఒక్కసారి చేసేవాణ్ణి. జవాబు రాకపోయేసరికి రెండుసార్లు, మూడుసార్లు చేస్తూ వచ్చాను. జవాబు రాకపోయినా మానలేదు, మానను. నాయన అప్పగించిన పని అది. నేను లేనప్పుడు మీ వదిన దాన్ని ముట్టుకోదు, అది నా పనే అంటుంది.

నా వైద్యం వద్దన్నావు, సరే. శనివారం నీకు పెద్ద పరీక్ష అని అర్థమైంది. ఆ రాత్రి నా వంతు మామూలు కంటే గట్టిగా చేస్తాను. నీ నుంచి జవాబు వచ్చేదాకా వదిలిపెట్టను. నువ్వు ధైర్యంగా ఉండు.

అన్న,
దయాసాగర్

*

ఆత్మకూరు,
18-9-1999, శనివారం

అన్నా,

ఈ ఉత్తరం గబగబా రాస్తున్నాను, అక్షరాలు చూసి కంగారుపడొద్దు. ఏం జరిగిందో వరుసగా రాస్తాను.

పోయిన శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఇంటర్నెట్ ఒక్కసారి కూడా తెగలేదు. పాపం జనార్దనయ్య మర ఆపిన పుణ్యమేమో, ఆలస్యంగా పని చేసిందేమో అనుకున్నాను. బుధవారం మళ్లీ తెగడం మొదలైంది. ఈరోజు మధ్యాహ్నం లైన్‌మన్ పెంచలయ్యను బతిమాలి తీసుకొచ్చాను. ఆయన స్తంభం నుంచి సాకెట్ దాకా చూసి, "లైను బంగారం మాదిరి ఉండాది. కాల్ వెయిటింగ్ ఎందుకు పెట్టుకున్నారు?" అన్నాడు. అంటే ఏమిటయ్యా అంటే చెప్పాడు. మనం ఫోనులో ఉన్నప్పుడు ఇంకెవరైనా చేస్తే, వాళ్లకు ఎంగేజ్ రాదు, రింగ్ అవుతున్నట్టే వినపడుతుంది. మనకు మాత్రం మధ్యలో ఒక కూత వస్తుంది. మనుషులైతే ఆ కూత విని ఊరుకుంటారు, మోడెమ్ తట్టుకోలేక తెంపుకుంటుంది. ఫోను కొత్తలో ఎప్పుడు చేసినా ఎంగేజే వస్తోందని, అర్జీ రాయించి ఆ సౌకర్యం పెట్టించింది నువ్వే.

"ఆ వేళకు మీకు ఎవరమ్మా దినామూ ఫోన్ చేసేది?" అని అడిగాడు పెంచలయ్య. ఎవరూ లేరయ్యా అన్నాను. ఆయన వెళ్లిపోయాక పోస్టుమన్ నీ ఉత్తరం ఇచ్చాడు. శుక్రవారం పోయి మంగళవారం వచ్చాను అన్నచోట ఆగిపోయాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. గడప మీదే కూలబడి ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో గుర్తులేదు. నువ్వు ఆపలేదు. రోజూ పిలుస్తూనే ఉన్నావు. నా ఫోను గోడ నుంచి పీకి ఉంది కాబట్టి నాకు వినపడలేదు, అంతే. లైను తెగిన ప్రతిసారీ నేను తిట్టుకున్నది నీ పిలుపునన్నా.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఈ రాత్రి నా వంతు గట్టిగా చేస్తాను, జవాబు వచ్చేదాకా వదలను అని రాశావే! నిన్ను ఎలా ఆపేది? పగలు మీ ఇంటికి తాళం, నువ్వు ఫోను లేని షాపులో, వదిన పిల్లల బాలవాడి బడిలో పనికి. కాల్ వెయిటింగ్ తీయించాలంటే సోమవారం దాకా కుదరదన్నారు. ఇంక దారిలేక ఎనిమిదికి ముందే, మోడెమ్ పక్కన పెట్టి, ఫోను గుచ్చి మీ ఇంటికి చేశాను. ఈ రాత్రికి వద్దన్నా అని చెప్పడానికి ఉన్న గొంతంతా కూడగట్టుకొని పట్టుకున్నాను. మోగింది, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ మళ్లీ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మీ బావ వాచీ చూస్తూ, "ఇంక కానీ" అన్నాడు.

ప్రభువా అనుకొని మోడెమ్ కలిపి పంపడం మొదలుపెట్టాను. ఎనిమిది దాటింది. ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అని ఇద్దరం కంప్యూటర్ వంకే చూస్తూ కూర్చున్నాం. తెగలేదు. గైడు మొత్తం, చివరి పటం దాకా, పోయింది.

పోయిందన్న సంతోషం ఒకవైపు, భయం ఇంకోవైపు. ఎందుకు ఎత్తలేదు? వదలనన్నవాడివి ఎందుకు చెయ్యలేదు? అక్కడ అంతా బాగున్నారా? వెంటనే రాయి.

రూబీ

*

ఉదయగిరి,
18-9-1999, శనివారం రాత్రి

నా బంగారు చెల్లి రూబీకి,

ఈ రాత్రి నాకున్న సంతోషం రాయడానికి కాగితం చాలదు. నీ ఆమెన్ వచ్చింది!

నేను రింగ్ ఇద్దామని ఫోను దగ్గరికి పోతుండగానే అదే మోగింది. ఆ వేళకు మన ఇంటికి చేసేది నువ్వు తప్ప ఎవరున్నారు? మీ వదిన పరిగెత్తి ఎత్తబోయింది. చెయ్యి పట్టుకొని ఆపాను. "ఎత్తబాక! ఎత్తినావంటే రూబీ పాపకు బిల్లు పడతాది!" అన్నాను. ఒక్క రింగుతో ఆగుతుందనుకుంటే ఆగలేదు. ఆగి మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. ఇన్నాళ్లు ఆగిన ఆమెన్లన్నీ కలిపి ఒకేసారి చెబుతోందని అర్థమైంది. "ఏమయ్యా, అంత సేపు మోగతా ఉండాదే, ఏమన్నా చెప్పాలనేమో" అంది మీ వదిన. "చెప్పేదంతా ఇదే, వినబడడంలే?" అన్నాను. ఇద్దరం ఫోను ముందు నిలబడి చేతులు జోడించి విన్నాం. సంగీతంలాగా ఉందనుకో.

అది ఆగాక అక్కడే మోకరించాం. నేను ఇంక రింగ్ ఇవ్వలేదు, నువ్వు ముందే ఇచ్చేశావు కదా. కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టాను. నీ కోసం చేశాను, నీ గొంతు కోసం, బావ కోసం, మద్రాసు ప్రెస్ వాళ్ల మనసు మెత్తబడడం కోసం, జనార్దనయ్య మర కోసం, ఎవరినీ వదల్లేదు. పానిపట్టు యుద్ధంలో పోయినవాళ్ల కోసం కూడా చేశాను. మీ వదిన రెండుసార్లు ఆమెన్ అని లేవబోయి మళ్లీ కూర్చుంది. పక్కింటి కామయ్య కిటికీలోంచి తొంగి చూసి, "ఏంది సాగరన్నా, ఎవురికన్నా సీరియస్సా?" అని అడిగిపోయాడు. తిరిగి ఒక్క రింగ్ ఇద్దామని లేచేసరికి బాగా పొద్దుపోయి, అన్నం చల్లారి గడ్డకట్టింది. మోకాళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

నీ ఫైలు పోయిందో లేదో నాకు తెలియదు. పోయి ఉంటుందని మాత్రం నాకు నమ్మకం.

అన్న

*

ఆత్మకూరు,
23-9-1999

అన్నకు,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. నీది చదివి మీ బావ మంచం మీద పడి దొర్లాడు. నేను గొంతు లేకుండా నవ్వాను. అది చూడడానికే నవ్వొస్తుందట. వద్దని చెప్పడానికి చేస్తే ఆమెన్ అనుకొని మోకరించావు, మోకరించావు కాబట్టే రింగ్ ఇవ్వలేదు, ఇవ్వలేదు కాబట్టే ఫైలు పోయింది. నీ ప్రార్థన ఇంకాస్త పొట్టిగా ఉండి ఉంటే నా పని ఆ రాత్రే పోయేది. ఇంక ఎప్పుడూ నీ ప్రార్థన పొడుగని అననని వదినకు చెప్పు.

నిన్న ప్రెస్ నుంచి ఫోను చేశారు. పని నాదే. వచ్చే వారం నుంచి జీవశాస్త్రం, ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది తరగతులు కూడా నాకేనట. కాల్ వెయిటింగ్ తీసేశారు. జనార్దనయ్య దగ్గరికి పోయి, మర తిప్పుకోండి, నాకు జబ్బేమీ లేదు అని కాగితం మీద రాసి చూపించాను. సంతోషించి, కిలో జంతికల పిండి ఊరికే ఆడించి ఇచ్చాడు.

ఇప్పుడు ఒక మాట అడగాలి, అడగడానికి నోరు రావడం లేదు. ఎనిమిదికి నేను ఫైలు పంపాలి. ఎనిమిది నాయన పెట్టిన ప్రార్థన వేళ. కాల్ వెయిటింగ్ లేదు కాబట్టి ఇంక నువ్వు రింగ్ ఇచ్చినా నీకు ఎంగేజే వస్తుంది, నాకు వినపడదు. ఆ వేళను నువ్వు ఎంత గట్టిగా పట్టుకొని ఉన్నావో నాకు తెలుసు. అమ్మ పోయిన రోజు కూడా ఎనిమిదికి తప్పకుండా కూర్చోబెట్టావు. నేను పని వదులుకోలేను, ఆమెన్ కూడా వదులుకోలేను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఏం చెప్పినా కోపం తెచ్చుకోను.

నీ చెల్లెలు,
రూబీ

*

ఉదయగిరి,
27-9-1999

చెల్లెలు రూబీకి అన్న దీవెనలు.

పని నీదైందని చదివి షాపులో అందరికీ టీ ఇప్పించాను. ఎలా కుదిరిందో మాత్రం చెప్పలేదు. ఎర్త్ గుంత వల్లనే అని వాళ్లు అనుకుంటున్నారు, అనుకోనీ. వైరు తెంపేవాడే కూర్చొని వైరుకు మందు రాస్తున్నాడని బయటికి తెలిస్తే నా దగ్గరికి ఒక్క రేడియో రాదు. మీ వదిన మాత్రం రోజూ గుర్తుచేస్తోంది. ఆ బాధ నాకు తగిందే.

ఇంక నువ్వు అడిగింది. నాయన పెట్టిన టైము, మార్చడానికి మనం ఎవరం అని మొదట అనుకున్నాను. నిన్న సాయంత్రం షాపు కట్టేసి వస్తుంటే కొండ మీద నుంచి మేకలు దిగుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. నీకు జ్ఞాపకం ఉండదు, నువ్వు అప్పటికి ఉయ్యాలలో ఉన్నావు. నాయన పగలంతా మేకలు కాసి, కొండ దిగి, వాటిని దొడ్లో తోలి, కాళ్లు కడుక్కునేసరికి ఆ వేళయ్యేది. మాకు ఆకలి. ముందే ప్రార్థన చేసుకొని అన్నం తినేస్తామని నేను ఏడిస్తే అవ్వ ఒప్పుకునేది కాదు. "పనిలో ఉండేవాడు రాకుండా ఏం ప్రార్థనరా? మీ నాయన రానీ, దేవుడు ఏడికీ పోడు" అనేది. వానాకాలం ఆలస్యమైతే ఆలస్యంగానే కూర్చునేవాళ్లం. ఎనిమిది అని ఎవరూ గడియారం చూసి పెట్టలేదు. మేకలు పోయి, నాయన ముసలివాడై ఇంట్లో కూర్చున్నాక కూడా మనకు ఆ వేళ అలవాటుగా మిగిలిపోయింది, అంతే.

ఇప్పుడు మన రెండిళ్లలో ఆ వేళకు పనిలో ఉండేది నువ్వు. ఇకనుంచి మొదటి రింగ్ నీది, ఆమెన్ మాది. నీ ఫైలు పోయాక ఇవ్వు. తొమ్మిదైనా సరే, పది అయినా సరే. నువ్వు పని ముగించుకొని వచ్చేదాకా ఇక్కడ ఎవరూ అన్నానికి కూర్చోరు.

అన్న,
దయాసాగర్